మూడు గొట్టాలు... రెండే ట్రిగ్గర్లు

*పిట్ట ఎగిరినా, అడవిపంది ఎదురుపడినా ఒక్క తుపాకీతోనే సరిపెట్టుకోవాలనుకున్న వాళ్లు పుట్టించిన ఆయుధం ఇది. అంతరిక్షానికీ వెళ్లొచ్చింది. ఇప్పుడు తాతల పెట్టెల్లోంచి మనవల చేతుల్లోకి వస్తోంది. దాన్ని ఎలా ముట్టుకోవాలో తెలిసినవాళ్లే తగ్గిపోతున్నారు.*

1965 మార్చి 19. ఉరల్ కొండలకు పడమటి దిక్కున, పెర్మ్ ప్రాంతపు అడవి. మనిషిని మింగేసేంత మంచు. ఆ మంచులో, చెట్ల మధ్య కూరుకుపోయి ఉంది ఒక లోహపు గోళం. లోపల ఇద్దరు మనుషులు. ఒకరు అలెక్సీ లియనోవ్. ముందు రోజే వ్యోమనౌక నుంచి బయటికొచ్చి శూన్యంలో తేలిన తొలి మనిషిగా చరిత్రకెక్కాడు. రెండోవాడు పావెల్ బెల్యాయెవ్. నౌకను దానంతటదే దించాల్సిన యంత్రాంగం మొరాయించడంతో చేత్తో దించాడు. దిగాల్సిన చోటు దాటి 386 కిలోమీటర్లు ముందుకొచ్చి పడ్డారు.

లియనోవ్ సూటులో చెమట నీళ్లలా నిలిచిపోయింది. అలాగే ఉంటే గడ్డకట్టి చస్తామని ఇద్దరూ బట్టలు విప్పి పిండుకుని మళ్లీ తొడుక్కున్నారు. దిగగానే పేల్చి తెరిచిన తలుపు ఇక మూసుకోదు. హెలికాప్టర్లు వచ్చినా దిగడానికి జాగా లేదు. పైనుంచి విసిరిన చలిబట్టలు కొమ్మలకు చిక్కుకున్నాయి. అడవిలో తోడేళ్లున్నాయి, ఎలుగుబంట్లున్నాయి. వీళ్ల దగ్గరున్నది ఒక్క పిస్తోలు. రెండు రాత్రులు అడవిలోనే గడిపి, మూడో రోజు స్కీల మీద హెలికాప్టర్ దాకా వెళ్లి బయటపడ్డారు.

లియనోవ్ ఆ రాత్రుల్ని మర్చిపోలేదు. వ్యోమగాములకు సరైన తుపాకీ ఇవ్వాలని పట్టుబట్టాడు. అలా తూలా కార్ఖానాలో తయారైంది టీపీ-82. పైన రెండు నున్నటి గొట్టాలు, వాటి కింద ఒక రైఫిల్ గొట్టం. వెనక తగిలించుకునే మడమే కత్తిగానూ పనికొస్తుంది. 1986 నుంచి దాదాపు రెండు దశాబ్దాలు అది సోయుజ్ నౌకల్లో ప్రయాణించింది.

గగన్‌యాన్ వార్తలు వచ్చినప్పుడల్లా మనవాళ్లు రాకెట్టు గురించే మాట్లాడుకుంటారు. మన నలుగురు వ్యోమగాములూ 2020 ఫిబ్రవరిలో రష్యాలో మొదట నేర్చుకున్న పాఠాల్లో ఒకటి మాత్రం నేల మీదిదే. అనుకున్న చోట కాకుండా చలికాలపు అడవిలో, బురదనేలలో దిగితే ఎలా బతికి బయటపడాలన్నది ఆ పాఠం. అప్పటికే టీపీ-82 విశ్రాంతి తీసుకుంది. దాని వెనకున్న ఆలోచన మాత్రం వందేళ్లకు పైబడినది. పుట్టిల్లు రష్యా కాదు, జర్మనీ.

ఏది ఎదురవుతుందో తెలియనివాడి కోసం

షాట్‌గన్ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. ఒక్క పేలుడుకు సీసపు గుండ్లను గుప్పెడు చల్లుతుంది. ఎగిరే పిట్టకూ పరిగెత్తే కుందేలుకూ అదే కావాలి. రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటాయి. ఒక్క తూటాను గిరగిరా తిప్పి సూటిగా పంపుతుంది. దూరంగా నిలబడ్డ దుప్పికి అది కావాలి. పొద్దున్నే అడవిలోకి బయల్దేరిన జర్మన్ ఫారెస్టరుకు ముందు ఏది కనిపిస్తుందో తెలియదు. భుజాన రెండు తుపాకులు మోయలేడు. రెండిటినీ ఒకే చెక్కకు బిగించారు.

అందులో రాజీ ఉంది, ఒప్పుకోవాల్సిందే. మంచి షాట్‌గన్ కన్నా బరువు, మంచి రైఫిల్ కన్నా నిదానం. కానీ ఆ రాజీని జర్మన్ పనివాళ్లు కళగా మార్చారు. పక్కపక్కన రెండు షాట్‌గన్ గొట్టాలు, వాటి కింద నడిమధ్యన రైఫిల్ గొట్టం, మొత్తం మూడున్నర కిలోల లోపు. దాని పేరు డ్రిల్లింగ్. తూరింగియా ప్రాంతంలోని జూల్ పట్టణం దానికి పెట్టింది పేరు. అక్కడ జె.పి. జావర్ కంపెనీ 1751లో మొదలైంది. మెర్కెల్ కూడా ఆ ఊరిదే.

> ఈ కుటుంబంలో ఎవరెవరు?
>
> కేప్ గన్: పక్కపక్కన ఒక రైఫిల్ గొట్టం, ఒక షాట్‌గన్ గొట్టం. 19వ శతాబ్దంలో దక్షిణాఫ్రికాలో బాగా వాడారు.
>
> డ్రిల్లింగ్: మూడు గొట్టాలు. నాలుగుంటే ఫియర్లింగ్. దాన్ని చేసే ఓపిక కొద్దిమందికే ఉండేది.
>
> పారడాక్స్: ఇందులో గొట్టాలు వేరువేరు పనులు చేయవు. లోపలంతా నున్నగా ఉండి, మూతి దగ్గర కాస్త మేరకే గాడులుంటాయి. ఒకే గొట్టంలోంచి గుండ్లూ తూటా రెండూ వెళ్తాయి. బెంగాల్ సైన్యంలో పనిచేసి విక్టోరియా క్రాస్ పొందిన జార్జ్ ఫాస్బెరీ ఆలోచన ఇది. 1880ల మధ్యలో లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ చేతికొచ్చింది. భారతదేశపు షికారీలకు దగ్గరైంది.
>
> సావేజ్ 24: అమెరికా పల్లెల తుపాకీ. పైన .22 రైఫిల్, కింద .410 షాట్‌గన్. 1930ల చివర స్టీవెన్స్ పేరుతో మొదలై, 1950 నుంచి సావేజ్ పేరుతో అమ్ముడైంది.

జూల్ నుంచి అమెరికా అటకల మీదికి

1945 ఏప్రిల్‌లో అమెరికన్ సేనలు జూల్ చేరాయి. జులైలో ఆ ప్రాంతాన్ని సోవియట్లకు అప్పగించి వెళ్లిపోయాయి. ఆక్రమణ సైన్యం జర్మన్ పౌరులందరినీ తుపాకులు అప్పగించమంది. కుప్పలుగా పడ్డ వాటిలో చెక్కుడు పనితో మెరిసే డ్రిల్లింగులు సిపాయిల కళ్లలో పడ్డాయి. చాలా తుపాకులు యుద్ధ జ్ఞాపకాలుగా ఓడలెక్కాయి.

వాటిలో పేరున్నది జర్మన్ వైమానిక దళపు ఎం30. కూలిన విమానం నుంచి బతికి బయటపడ్డ పైలట్ల కోసమని 1941-42లో జావర్ కంపెనీ రెండున్నర వేల లోపు చేసింది. 12 బోరువి రెండు గొట్టాలు, కింద ఏనుగునైనా ఆలోచనలో పడేసే 9.3×74ఆర్ రైఫిల్, అన్నీ కలిపి ఒక అల్యూమినియం పెట్టెలో. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో పడ్డ పైలట్‌కు తాగడానికి నీళ్లు కావాలి గానీ ఇంత శ్రద్ధగా చేసిన వేట తుపాకీ ఎందుకన్నది ఇప్పటికీ చాలామందికి వచ్చే అనుమానమే!

సిపాయి ఇంటికి తెచ్చాడు. ఊళ్లో దుకాణంలో దానికి సరిపోయే తూటాలు లేవు. కొందరు అటక మీద పడేశారు. ఇంకొందరు స్థానిక మెకానిక్కు దగ్గరికెళ్లి, గొట్టంలో తూటా కూర్చునే ఛాంబర్‌ను అమెరికన్ తూటాకు తగ్గట్టు తొలిపించేశారు. తొలిపించిన సంగతి ఎక్కడా రాసి పెట్టలేదు. ఇప్పుడు మనవడో మనవరాలో పెట్టె తెరిచి, ‘తాత యుద్ధం నుంచి తెచ్చాడు’ అన్న ఒక్క ముక్కతో తుపాకీని బల్ల మీద పెడుతున్నారు. అక్కడి నుంచే అసలు పని మొదలవుతుంది.

అడుగున రాసి ఉంటుంది

ముట్టుకోగానే చేయాల్సింది ఒకటే. తెరిచి చూడాలి. మూడు ఛాంబర్లూ ఖాళీగా ఉన్నాయా? పైనున్న రెండు పెద్ద రంధ్రాలు చూసి తృప్తిపడి, కింది చిన్న రంధ్రాన్ని వదిలేసేవాళ్లు ఉంటారు. ప్రాణాలు తీసేది అదే.

తర్వాత ముందు చెక్క తీసి, గొట్టాల్ని విడదీసి, వాటిని తిరగేయాలి. తుపాకీ జాతకమంతా ఆ అడుగుభాగంలో ముద్రలుగా ఉంటుంది. జర్మనీలో 1891లో పరీక్షా చట్టం వచ్చింది. అమ్మకానికి ముందు ప్రతి తుపాకీనీ ఎక్కువ మందుతో పేల్చి పరీక్షించి, కిరీటం ఉన్న ముద్రలు వేసేవారు. 1939 చట్టం తర్వాత కిరీటం పోయి గద్ద వచ్చింది. గద్ద కింద ఆంగ్ల ‘ఎన్’ అక్షరం కనిపిస్తే పొగరాని మందుతో పరీక్షించారని అర్థం. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య చేసిన జూల్ తుపాకుల్లో చాలావాటి మీద ‘12 37’ లాంటి అంకెలుంటాయి. 1937 డిసెంబరులో పరీక్ష జరిగిందని. తాత కథలో సంవత్సరం తప్పినా ఇక్కడ తప్పదు.

పాత ముద్రల్లో రైఫిల్ గొట్టం లోపలి కొలత ఉంటుంది గానీ, చాలాసార్లు తూటా పేరు ఉండదు. చిక్కంతా అక్కడే. 8×57 తూటానే తీసుకోండి. అంచున్న రకంలో పాతదాని గుండు వ్యాసం .318 అంగుళం, కొత్తదానిది .323. తేడా మిల్లీమీటర్‌లో ఎనిమిదో వంతు. పేరులో ఒక్క ‘ఎస్’ అక్షరం ఎక్కువ, అంతే. పాత గొట్టంలో కొత్త గుండు బలవంతంగా దూరితే పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. 9.3×72ఆర్, 9.3×74ఆర్ తూటాలు కూడా పేరులో పక్కపక్కనే ఉంటాయి. మొదటిది నల్ల తుపాకీమందు కాలపు నిదానస్తుడు, రెండోది పెద్ద జంతువుల వేటకు వాడే బలశాలి.

షాట్‌గన్ గొట్టాల్లో ఇంకో ఉచ్చు. యుద్ధానికి ముందు జర్మన్ 16 బోరు ఛాంబర్లు ఎక్కువగా 65 మిల్లీమీటర్లవి. ఇవాళ దుకాణాల్లో దొరికే కార్ట్రిడ్జి 70 మిల్లీమీటర్లది. అది లోపలికి చక్కగా దూరుతుంది, తలుపు మూసుకుంటుంది, ఏ తేడా తెలియదు. పేలినప్పుడు మాత్రం దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలదు. సరిపోయింది కదా అన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు.

ముద్రలు అరిగిపోయినా, ఎవరో తొలిచారన్న అనుమానమున్నా గన్‌స్మిత్ ఛాంబర్ అచ్చు తీస్తాడు. మరిగే నీళ్ల కన్నా తక్కువ వేడికే కరిగే ఒక లోహమిశ్రమాన్ని ఛాంబర్‌లో పోసి, గట్టిపడ్డాక తీసి కొలుస్తాడు. ఇంటర్నెట్లో ఫొటో పెట్టి ‘ఇదే తూటా?’ అని అడిగే వాళ్లకు వంద జవాబులొస్తాయి. అచ్చు ఒక్కటే జవాబు చెబుతుంది.

అమెరికన్ సావేజ్ 24తో ఈ గొడవ తక్కువ. తూటా పేరు గొట్టం మీదే ఉంటుంది. పాత వాటి మీద వరుస సంఖ్య లేకపోతే దొంగసొత్తేమోనని కంగారు పడాల్సిన పని లేదు. 1968 తుపాకుల చట్టం వచ్చేదాకా అమెరికాలో అలాంటి మామూలు తుపాకులకు వరుస సంఖ్య తప్పనిసరి కాదు.

తట్టి వినాలి

మూడు గొట్టాల్నీ కలిపి ఉంచేది వాటి మధ్య పట్టీలూ, మెత్తని టంకమూ. ఎనభై ఏళ్లలో ఆ టంకం ఎక్కడైనా విడిచిందా? విడిచిన చోట తేమ చేరి, పట్టీ కింద కంటికి కనిపించని తుప్పు తింటూ ఉంటుంది. పరీక్ష మాత్రం తేలిక. గొట్టాల్ని కొక్కేనికి వేలాడదీసి వేలి కణుపుతో తట్టాలి. సంతలో కుండ కొనేవాళ్లు చేసే పనే ఇది. ఖంగుమని సాగితే సరే. జివ్వుమని బొంగురుపోతే ఎక్కడో పట్టీ వదులైందన్నమాట.

ముందు చెక్క తీసేసి, మూసిన తుపాకీని చెవి దగ్గర మెల్లగా ఊపాలి. టకటక చప్పుడైతే బిగింపు అరిగింది. వెలుతురు వైపు పెట్టి గొట్టం లోపలికి చూస్తే అంచుల నీడ నేరుగా సాగాలి. ఎక్కడైనా ఉంగరంలా నీడ ఉబ్బితే, ఒకప్పుడు ఏదో అడ్డుపడి పేలిన గుర్తు. చెక్కలో పగుళ్లు మొదలయ్యేది పిడి సన్నబడే చోట, లోహం చెక్కలో దిగిన మూలల్లో.

ఇవన్నీ ఇంట్లో చూసుకోగలిగినవి. తూటా అడుగుకూ మూసిన తలుపుకూ మధ్య ఖాళీ ఎంతుందో కొలవడం, మొదటిసారి పేల్చడం మాత్రం నిపుణుడి పని. ఇక్కడ మొహమాటం లేకుండా చెప్పాలి. వారసత్వంగా వచ్చిన తుపాకీని గన్‌స్మిత్‌కు చూపించకుండా నేరుగా మైదానానికి తీసుకెళ్లే వాళ్లది ధైర్యం కాదు.

ముందు ట్రిగ్గర్ మాయ

గొట్టాలు మూడు, ట్రిగ్గర్లు రెండు. మూడోదాన్ని పేల్చేదెవరు? మామూలుగా ముందు ట్రిగ్గర్ కుడి షాట్‌గన్‌ను, వెనకది ఎడమదాన్ని పేలుస్తాయి. పిడి పైన, బొటనవేలు ఆనే చోట ఒక జారుడు బొత్తాం ఉంటుంది. దాన్ని ముందుకు తోస్తే గొట్టం మీద పడుకున్న గురి ఆకు టక్కున లేచి నిలబడుతుంది. అప్పటి నుంచి ముందు ట్రిగ్గర్ రైఫిల్‌ది. ఈ ఏర్పాటు చూసి ఎన్నిసార్లైనా ముచ్చట పడొచ్చు. బొత్తాం ఎటుందో చెప్పడానికి కళ్ల ముందే జెండా ఎత్తినట్టు చేశారు.

కానీ షాట్‌గన్‌లకు అలవాటుపడిన చెయ్యి పొరబడేదీ అక్కడే. వేరే తుపాకుల్లో ఆ చోట ఉండేది సేఫ్టీ. చాలా డ్రిల్లింగుల్లో సేఫ్టీ పిడికి ఎడమ పక్కన ఉంటుంది. సేఫ్టీ తీశాననుకుని రైఫిల్‌ను ఎంచుకున్న మనిషి, పిట్ట మీదికి గుండ్లు చల్లబోయి ఆకాశంలోకి తూటా వదులుతాడు. సీసపు గుండ్లు కొన్ని వందల మీటర్లలో రాలిపోతాయి. తూటా కిలోమీటర్లు పోతుంది. సావేజ్ 24లోనూ ఇలాంటిదే ఉంది. పాతవాటిలో పక్కనుండే చిన్న బొత్తాం, తర్వాతి వాటిలో సుత్తి మీది మీట ఏ గొట్టం పేలాలో నిర్ణయిస్తాయి. చీకట్లో అది ఏ వైపుందో వేలితో తడిమి తెలుసుకునే అలవాటు రావాలి.

ఇంకొకటి, ముందు ట్రిగ్గర్‌ను ముందుకు నొక్కితే ‘క్లిక్’మంటుంది. ఆ తర్వాత దాన్ని పేల్చడానికి వేలు తగిలితే చాలు. గురి కదలకుండా ఉండటానికి చేసిన సదుపాయమది. గురిపెట్టిన జంతువు వెళ్లిపోయింది, ట్రిగ్గర్ మాత్రం అలా సిద్ధంగా ఉండిపోయింది. అప్పుడేం చేయాలి? ముందు తుపాకీ తెరవాలి, తూటాలు తీయాలి, ఆ తర్వాతే ట్రిగ్గర్ వదలాలి. పాత తుపాకుల్లో ఆ యంత్రం అరిగి, కుదుపుకే జారిపోవచ్చు. ఖాళీ తుపాకీతో, బొమ్మ తూటాలు పెట్టి గన్‌స్మిత్ పరీక్షించేదాకా దాన్ని వాడకపోవడమే మేలు.

> పొరపాటున కూడా వద్దు
>
> - నీలి రంగు పోయిందని వేడి ఉప్పు ద్రావణంలో ముంచి కొత్త రంగు వేయించడం. మెత్తని టంకాన్ని ఆ ద్రావణం తినేస్తుంది, పట్టీలు ఊడిపోతాయి. ఇలాంటి గొట్టాలకు నిదానంగా తుప్పు పట్టించి రంగు తెచ్చే పాత పద్ధతే దారి.
> - చెక్కుడు పని మీద పాలిష్. మెరుపొస్తుంది, విలువ పోతుంది.
> - తోలు సంచిలో దాచడం. తోలు తేమను పట్టి ఉంచుతుంది, లోహం మీద తుప్పు పుట్టిస్తుంది.
> - మామూలు స్క్రూడ్రైవర్. సన్నటి గాడికి సరిపడా సానబట్టింది లేకపోతే మరల జోలికి పోవద్దు.
> - పాత స్టీవెన్స్ వాటిలో కొన్నింటి పిడి చెక్క కాదు, టెనైట్ అనే ప్లాస్టిక్. అసిటోన్ లాంటివి తగిలితే కరుగుతుంది.

నూనె తక్కువ, ఓపిక ఎక్కువ

పాత తుపాకులు తుప్పుతో ఎంత పాడయ్యాయో, ప్రేమతో పోసిన నూనెతోనూ అంతే పాడయ్యాయి. నిలబెట్టి దాచిన తుపాకీలో నూనె మెల్లగా కిందికి దిగి పిడి చెక్క తలలోకి ఇంకుతుంది. చెక్క నల్లబడి మెత్తబడుతుంది. పేలినప్పుడల్లా కొద్దికొద్దిగా నలిగి చివరికి చీలుతుంది. అందుకే పలచని పూత చాలు, దాచేటప్పుడు మూతి కిందికి ఉంచడం ఇంకా మంచిది. కీలు దగ్గర మాత్రం చిటికెడు గ్రీజు. చెక్కకు అరచేత్తో రుద్దిన ఒకట్రెండు చుక్కల అవిసె నూనె.

గొట్టాలు శుభ్రం చేసే కడ్డీ వెనక నుంచే వెళ్లాలి. మూతి అంచు ఒరుసుకుంటే రైఫిల్ గురి పోతుంది. షాట్‌గన్ గొట్టాల్లో సీసపు పూత, రైఫిల్‌లో రాగి పూత పేరుకుంటాయి. రెండిటికీ బ్రష్షులూ ద్రావణాలూ వేరు. యుద్ధకాలపు పాత తూటాలు ఇంకా ఎవరైనా వాడితే, వాటి అడుగున మందును రగిలించే ప్రైమర్ గొట్టంలో ఉప్పు మిగుల్చుతుంది. ఉప్పుకు నూనె మందు కాదు. వేడి నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె పూయాలి.

గురి చూసుకోవడంలోనే కొత్తవాళ్లు ఎక్కువ నిరాశపడతారు. వరుసగా ఐదు తూటాలు కాలిస్తే ఒక్కొక్కటీ పైకి పాకుతూ పోతుంది. తుపాకీ చెడిపోయిందని అనుకుంటారు. చెడిపోలేదు. వేడెక్కిన రైఫిల్ గొట్టం సాగాలనుకుంటుంది, దానికి అతికిన చల్లని షాట్‌గన్ గొట్టాలు సాగనివ్వవు. దాంతో అది వంగుతుంది. వేటగాడికి కావాల్సింది చల్లని గొట్టంలోంచి వెళ్లే తొలి తూటా. అందుకే ఒకటి పేల్చి, చల్లారేదాకా ఆగి, మరొకటి పేల్చాలి. ఐదు తూటాలకు ఒక పూట పడుతుంది. జర్మన్ ముసలి వేటగాళ్లకు ఆ పూట గడపడం కూడా సరదాయే.

గొట్టాల దిశ నిజంగానే చెడితే టంకం కరిగించి, మళ్లీ సర్ది అతకాలి. అది చేయగలిగే చేతులు తగ్గిపోయాయి. జూల్‌లో, ఆస్ట్రియాలోని ఫెర్లాఖ్‌లో తుపాకుల పనికి బడులు ఇప్పటికీ నడుస్తున్నాయి. అయితే మరమ్మతు ఖర్చు తుపాకీ ధరను మించిపోతోంది. జర్మన్ యువ వేటగాళ్లు సైలెన్సర్ తగిలించుకునే, రాత్రిపూట చూడగల దుర్భిణీ ఉన్న కొత్త రైఫిళ్లకు మళ్లారు. ఒకప్పుడు ఫారెస్టరు నెలల జీతం దాచుకుని కొనుక్కున్న డ్రిల్లింగ్ ఇప్పుడు వారసులకు బరువైంది. వేట అర్హతగానీ మరో కారణంగానీ లేని వారసుడు తుపాకీ ఉంచుకోవాలంటే, 2008 నుంచి గొట్టాలకు తాళం లాంటి అడ్డు బిగించాల్సిందే. మూడు గొట్టాలుంటే మూడు తాళాలు, మూడు ఖర్చులు.

మన చట్టంలో దీని చోటెక్కడ?

మన దేశంలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టంతో, దాని తర్వాతి సవరణలతో షికారు ముగిసింది. ఇలాంటి తుపాకీ ఏ పాత ఇంట్లోనైనా ఉంటే అది జ్ఞాపకమే తప్ప పనిముట్టు కాదు. చట్టానికి మాత్రం అది ఆయుధమే. అదీ చిక్కు ఆయుధం. 1959 ఆయుధాల చట్టం నున్నటి గొట్టాన్నీ గాడుల గొట్టాన్నీ ఒకేలా చూడదు. ఇరవై అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టమున్న తుపాకీని ఆత్మరక్షణకో క్రీడకో అడిగేవారికీ, పంట కాపాడుకోవడానికి మూతి నుంచి మందు దట్టించే తుపాకీ అడిగే రైతుకూ అది కాస్త సులువైన దారి చూపింది. ఒకే చెక్కకు రెండు జాతులూ బిగించి ఉంటే అధికారి ముందు చూసేది రైఫిల్ గొట్టాన్నే.

2019 సవరణతో ఒక మనిషికి మూడు కాదు, రెండే ఆయుధాలన్నారు. ముత్తాత నుంచి వచ్చింది ఒకటి, సొంతంగా కొన్నవి రెండు ఉన్నవాళ్లు ఏదో ఒకటి వదులుకోవాల్సొచ్చింది. పెద్దాయన పోయాక పెట్టెలో తుపాకీ దొరికితే, లైసెన్సు చేతికొచ్చేదాకా దాన్ని పోలీసు స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి ఉంచాలి. శుభ్రం చేయాలన్న ఉబలాటం కూడా అప్పటిదాకా ఆపుకోవాల్సిందే.

లైసెన్సున్నవాళ్లకు ఎన్నికలొస్తే మళ్లీ స్టేషన్ దారి తప్పదు. అప్పగించే ముందు మూడు గొట్టాల్లోనూ పలచగా నూనె పూసి, ముద్రలూ వరుస సంఖ్యా కనిపించేలా ఫొటోలు తీసి, రసీదులో గొట్టాల సంఖ్య రాయించుకోవడం మంచిది. డబుల్ బ్యారెల్ అని అలవాటుగా రాసేసే రైటర్లుంటారు. తుపాకీ ఇంటికొచ్చిన రోజే గుడ్డ తిప్పి చూసుకోవాలి. వేసవిలో వచ్చే అసెంబ్లీ ఎన్నికలైతే ఫర్వాలేదు, వానాకాలంలో పంచాయతీ ఎన్నికలు పెడితేనే భయం!